అంతర్జాతీయ నిధులతో సాగే పరిశోధనలు: శాస్త్రవేత్తలకు సహాయ కార్యాలయం – ఆవశ్యకత, నిర్మాణం

వ్యాససంగ్రహం

విదేశీ సంస్థల ఆర్థికసహాయంతో పరిశోధన చేసే శాస్త్రవేత్త నిధినిచ్చిన సంస్థకూ, స్వదేశ చట్టాలకూ, తన విద్యాసంస్థకూ, పరిశోధనలో పాల్గొనే ప్రజలకూ ఏకకాలంలో జవాబుదారీగా ఉండాలి. ఈ నాలుగు బాధ్యతలూ ఒక్క వ్యక్తి మీద పడినప్పుడు పరిశోధన కుంటుపడుతుంది; కొన్నిసార్లు ప్రజలకు హాని కలుగుతుంది. ఈ భారాన్ని పంచుకోవడానికి విశ్వవిద్యాలయాలలో ఏర్పడవలసిన పరిశోధన సహాయ కార్యాలయం స్వరూపాన్నీ, విధులనూ, పరిమితులనూ వివరించడం ఈ వ్యాసం లక్ష్యం. ఏ పని ఎవరిదో ముందుగా రాసి పెట్టడమే ఇటువంటి కార్యాలయానికి పునాది అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పరిశోధన నిర్వహణ, విదేశీ నిధులు, సమ్మతిపత్రం, పరోక్షవ్యయం, విశ్వవిద్యాలయ పాలన, తెలుగు

1. ఉపోద్ఘాతం

రెండేళ్ళ క్రితం జీవశాస్త్ర విభాగానికి చెందిన ఒక సహోద్యోగి నా దగ్గరకు ఒక పత్రం తీసుకొని వచ్చారు. విదేశీ నిధులతో చేపట్టిన ఒక ఆరోగ్య పరిశోధనలో పాల్గొనే గ్రామీణ స్త్రీలు సంతకం చేయవలసిన సమ్మతిపత్రం అది. ఆంగ్లమూలాన్ని యంత్రానువాదం చేయించారు. "మీరు యాదృచ్ఛికంగా ఒక సమూహానికి కేటాయించబడతారు" అని అందులో ఒక వాక్యం ఉంది. "ఎవరు ఏ జట్టులో ఉండాలో మేము ఎంచుకోము. చీటీలు వేసి తీసినట్టుగా అది తేలుతుంది" అని మార్చాను. పత్రమంతా సరిచేయడానికి గంటన్నర పట్టింది.

అయితే అప్పటికే ఎథిక్స్ కమిటీ ఆ పత్రాన్ని రెండుసార్లు తిప్పి పంపింది. కమిటీ అనుమతి లేనిదే తొలివిడత నిధులు రావు. నిధులు రానిదే జీతం బిల్లు కదలదు. ఆ ప్రాజెక్టులో చేరిన సహాయకురాలికి మూడు నెలలుగా జీతం లేదు. తప్పు ఎవరిదని విచారిస్తే ఎవరిదీ కాదని తేలింది. శాస్త్రవేత్త తన విజ్ఞానశాస్త్రం తాను చూసుకున్నారు. అకౌంట్సు విభాగం తన నిబంధన తాను పాటించింది. కమిటీ తన కర్తవ్యం తాను నిర్వర్తించింది. పత్రాన్ని తెలుగులో సరిగా రాయించడం, దాన్ని నిధుల గడువుతో జోడించి చూడడం ఎవరి పనో మాత్రం ఎక్కడా రాసి లేదు.

పరిశోధన సహాయ కార్యాలయం అవసరం ఇక్కడే మొదలవుతుంది. భాషాసాహిత్య పరిశోధకులకు ఇది సంబంధంలేని విషయమని అనుకోనక్కరలేదు. బ్రిటిష్ లైబ్రరీ 2004 నుండి నడుపుతున్న ఎన్‌డేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ వంటి పథకాల ద్వారా ప్రాచీన పత్రాల డిజిటలీకరణకూ విదేశీ నిధులు లభిస్తాయి. తాళపత్రాలను స్కాన్ చేయదలచిన తెలుగు ఆచార్యునికీ, కణాలను పరీక్షించే జీవశాస్త్రవేత్తకూ ఎదురయ్యే కార్యాలయపు చిక్కులు చాలావరకు ఒక్కటే.

2. ఇతర దేశాలలో ఈ వ్యవస్థ పరిణామం

రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికా ప్రభుత్వం విశ్వవిద్యాలయాలకు పెద్దయెత్తున పరిశోధన నిధులు ఇవ్వడం ప్రారంభించింది. ప్రభుత్వధనం కనుక లెక్కలు అడిగింది. ఆ లెక్కలు చూసే ఉద్యోగులు క్రమంగా ఒక వృత్తివర్గంగా రూపొంది, 1959లో ఎన్.సి.యు.ఆర్.ఎ. అనే జాతీయ సంఘాన్ని ఏర్పరచుకున్నారు. ఐరోపాలో 1995లో ఇ.ఎ.ఆర్.ఎమ్.ఎ., దక్షిణాఫ్రికా ప్రాంతంలో 2002లో శారిమా ఏర్పడ్డాయి. అంటే ఈ పనిని గుమాస్తాపనిగా కాక, శిక్షణ అవసరమైన వృత్తిగా ఆయా దేశాలు గుర్తించాయి.

అయినా భారం తీరిపోలేదు. అమెరికాలో ఫెడరల్ డెమాన్‌స్ట్రేషన్ పార్ట్‌నర్‌షిప్ అనే సంస్థ శాస్త్రవేత్తల పనివేళలపై 2005, 2012, 2018 సంవత్సరాలలో సర్వేలు నిర్వహించింది. ప్రభుత్వ నిధులతో సాగే పరిశోధనకు వెచ్చించే కాలంలో మొదటి రెండు సర్వేల ప్రకారం 42 శాతం, మూడవ సర్వే ప్రకారం సుమారు 44 శాతం పరిశోధనలో కాక, దానికి అనుబంధమైన ప్రతిపాదనల రచన, నివేదికలు, అనుమతులు వంటి పనులలో గడుస్తున్నట్లు శాస్త్రవేత్తలు తెలిపారు. సహాయ కార్యాలయాలు స్థిరపడిన దేశంలోనే పరిస్థితి ఇలా ఉంది. కనుక కార్యాలయం తెరవడమే పరిష్కారం కాదనీ, అది ఎలా పనిచేస్తుందన్నది ముఖ్యమనీ గ్రహించాలి.

మన దేశంలో ఐ.ఐ.టి.లలో ప్రాయోజిత పరిశోధనలకు ప్రత్యేక కార్యాలయాలు చాలాకాలంగా ఉన్నాయి. మద్రాసు ఐ.ఐ.టి.లోని ఐ.సి. అండ్ ఎస్.ఆర్., బొంబాయి ఐ.ఐ.టి.లోని ఐ.ఆర్.సి.సి. ఇందుకు ఉదాహరణలు. భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో నెలకొల్పిన ఇండియా అలయన్స్ హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తోంది. పరిశోధన నిర్వహణను దేశంలో ఒక వృత్తిగా పెంపొందించే లక్ష్యంతో ఆ సంస్థ 2018లో ఇండియా రీసెర్చ్ మేనేజ్‌మెంట్ ఇనీషియేటివ్‌ను ప్రారంభించింది. ఈ ఆలోచనకు ఒక ముఖ్యకేంద్రం మన నగరంలోనే ఉన్నదన్నమాట.

3. శాస్త్రవేత్త ఎదుర్కొనే చిక్కులు

3.1. స్వదేశ చట్టాలు

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 ప్రకారం విదేశీ నిధి స్వీకరించే సంస్థకు నమోదుగాని, ముందస్తు అనుమతిగాని ఉండాలి. 2020 సవరణతో నిబంధనలు మరింత కఠినమయ్యాయి. విదేశీ నిధి మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధానశాఖలో తెరిచిన ఖాతాలోనే జమ కావాలి. అలా వచ్చిన నిధిని మరొక సంస్థకు బదిలీ చేయరాదు. పరిపాలనా వ్యయం 20 శాతం మించరాదు. ఆర్థికసంవత్సరం ముగిసిన తొమ్మిది నెలలలోగా వార్షిక నివేదిక సమర్పించాలి. కొన్ని ప్రభుత్వ సంస్థలకు ఈ చట్టం నుండి మినహాయింపు ఉంది. తమ విశ్వవిద్యాలయం ఆ కోవలోకి వస్తుందా, రాదా అన్నది దాని స్థాపక శాసనాన్నీ, ఆడిట్ విధానాన్నీ బట్టి ముందే లిఖితపూర్వకంగా తేల్చుకోవాలి. నిధి మంజూరైన తరువాత ఈ ప్రశ్న వేసుకుంటే నెలలు గడిచిపోతాయి.

నిధుల బదిలీపై నిషేధం ఒక్కటే చాలా ప్రతిపాదనలను తలకిందులు చేయగలదు. ఒక విశ్వవిద్యాలయం విదేశీ నిధి తీసుకొని, అందులో కొంత జిల్లాలో పనిచేసే స్వచ్ఛందసంస్థకు ఇచ్చి క్షేత్రపర్యటనలు చేయించాలని అనుకున్నదనుకుందాం. ఈ చట్టం వర్తించే సంస్థ అయితే ఆ పద్ధతి చెల్లదు. ప్రతి భాగస్వామికీ నిధి నేరుగా చేరేలా ప్రతిపాదన దశలోనే రూపకల్పన చేయాలి.

వైద్య, ఆరోగ్య పరిశోధనలలో విదేశీ భాగస్వామ్యం ఉంటే భారత వైద్య పరిశోధన మండలి ద్వారా ఆరోగ్యశాఖ పరిశీలనా సంఘం ఆమోదం పొందాలి. మొక్కలు, సూక్ష్మజీవులు వంటి జీవవనరులను విదేశాలకు పంపాలంటే జీవవైవిధ్య చట్టం 2002 నిబంధనలు చూడాలి. వ్యక్తుల సమాచారం సేకరిస్తే డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023ను దృష్టిలో ఉంచుకోవాలి.

3.2. నిధినిచ్చే సంస్థల నిబంధనలు

ఒక్కొక్క నిధిసంస్థది ఒక్కొక్క పద్ధతి. ఐరోపా సమాఖ్య 2021–2027 కాలానికి నడుపుతున్న హొరైజన్ యూరప్ పథకంలో ప్రత్యక్షవ్యయంపై 25 శాతం పరోక్షవ్యయంగా లెక్కిస్తారు. విద్యుత్తు, భవనం, కార్యాలయ సిబ్బంది వంటి ఉమ్మడి ఖర్చులకు ఇచ్చేదే పరోక్షవ్యయం. పూర్తికాలపు ఉద్యోగి ఏడాది పనిని 215 దినాలుగా పరిగణించి, ప్రాజెక్టుకు ఎన్ని దినాలు వెచ్చించారో నమోదు చేయమంటారు. భారతీయ సంస్థలు ఆ పథకంలో చాలావరకు భాగస్వాములు కావచ్చు కాని, నిధి మాత్రం వాటికి యాంత్రికంగా రాదు. ఈ తేడా తెలియక ప్రతిపాదన రాయడానికి శ్రమించి, చివరకు నిరాశపడడం జరుగుతుంది.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు విదేశీ సంస్థలకు ఇచ్చే పరోక్షవ్యయం 8 శాతానికి పరిమితం. పైగా నియమాలు మధ్యలో మారుతాయి. ఉపగ్రాంటు పొందిన విదేశీ సంస్థలు ప్రయోగశాల పుస్తకాలనూ, దత్తాంశాలనూ ఏడాదికొకసారైనా ప్రధాన గ్రహీతకు చూపాలన్న నియమం 2024లో అమలులోకి వచ్చింది. విదేశీ ఉపగ్రాంటుల పద్ధతినే మార్చబోతున్నామనీ, కొత్త పద్ధతి వచ్చేవరకు అటువంటి మంజూరులు ఇవ్వబోమనీ 2025 మే 1న ఆ సంస్థలు ప్రకటించాయి. ప్రయోగశాలలో మునిగి ఉన్న శాస్త్రవేత్త ఇటువంటి ప్రకటనలను ప్రతిరోజూ వెదుకుతూ కూర్చోలేరు. ఆ పని చేయడానికి ఒకరు ఉండాలి.

3.3. కాలమూ, మారకమూ

మన ఆర్థికసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. అమెరికా ప్రభుత్వానిది అక్టోబరులో మొదలవుతుంది. ప్రాజెక్టు సంవత్సరం ఒప్పందంలో రాసిన తేదీ నుండి లెక్కకు వస్తుంది. ఒకే ఖర్చును మూడు కాలమానాలలో చూపవలసి వస్తుంది. మారకపు విలువ మరొక చిక్కు. ఉదాహరణకు, రెండు లక్షల యూరోల ప్రాజెక్టుకు యూరో 90 రూపాయలుగా బడ్జెట్ వేసి, విడతలు వచ్చేనాటికి అది సగటున 86 రూపాయలైతే ఎనిమిది లక్షల రూపాయల లోటు ఏర్పడుతుంది. అది ఒక ప్రాజెక్టు సహాయకుని ఏడాది జీతానికి మించిన మొత్తం కావచ్చు. ఆ లోటును ఎవరు భరించాలో ముందే నిర్ణయించుకోకపోతే ఆ భారం సహజంగా అందరికంటె చిన్న ఉద్యోగి మీద పడుతుంది.

4. ఖమ్మం అనుభవం

నిర్వహణ లోపం కేవలం కాగితాల సమస్య అనుకోవడం సరికాదు. ఇందుకు తెలుగునేల మీదనే ఒక నిదర్శనం ఉంది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిరోధించే హెచ్.పి.వి. టీకా వేసే ప్రాజెక్టును చేపట్టారు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం ఇందులో భాగస్వాములు. గేట్స్ ఫౌండేషన్ నిధులు సమకూర్చింది. టీకా పొందినవారిలో కొందరు మరణించారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ సంఘం తేల్చలేదు. అయితే సమ్మతి తీసుకొన్న తీరులో లోపాలు బయటపడ్డాయి. ఎన్నో పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేసినట్లు తేలింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీసంఘం తన నివేదికలో దీన్ని తీవ్రంగా విమర్శించింది.

ఈ ప్రాజెక్టులో పెద్ద సంస్థలకూ, నిధులకూ, నిపుణులకూ కొరత లేదు. అయినా ఒక ఆదివాసీ తల్లికి ఆమెకు తెలిసిన భాషలో విషయం చెప్పి, ఆమె 'సరే' అన్నదో 'వద్దు' అన్నదో నమోదు చేసే బాధ్యత చివరి మెట్టు వరకు ఒకరి చేతిలో నిలవలేదు. భద్రాచలం ప్రాంతంలో కోయభాష మాట్లాడే కుటుంబాలకు తెలుగు సమ్మతిపత్రం కూడా పరాయిభాషాపత్రమే కాగలదు. కనుక పరిశోధన సహాయ కార్యాలయానికి లెక్కల నిపుణుడు ఎంత అవసరమో, భాష తెలిసినవారూ అంతే అవసరం.

5. కార్యాలయ నిర్మాణం

5.1. అధికారం

కార్యాలయాన్ని వైస్ ఛాన్సలర్ మౌఖిక ఆదేశంతో కాక, పాలకమండలి తీర్మానంతో ఏర్పాటు చేయాలి. ఎంత మొత్తం వరకు కొనుగోళ్ళకు అనుమతి ఇవ్వవచ్చు, ఏ ఒప్పందాలపై ఎవరు సంతకం చేయాలి, తాత్కాలిక నియామకాలను ఎన్ని రోజులలో పూర్తిచేయాలి అన్నవి తీర్మానంలోనే ఉండాలి. అధికారం లేని సహాయ కార్యాలయం మరొక తపాలాపెట్టె మాత్రమే అవుతుంది. ఫైలు అక్కడ ఆగి, మళ్ళీ రిజిస్ట్రార్ గదికి వెళ్తుంది.

5.2. సిబ్బంది

మధ్యస్థాయి విశ్వవిద్యాలయానికి ప్రారంభంలో నలుగురు చాలు. ప్రతిపాదనలు చూసేవారు ఒకరు, ఒప్పందాలు, చట్టపరమైన అనుమతులు చూసేవారు ఒకరు, ప్రాజెక్టు లెక్కలు చూసేవారు ఒకరు, ఎథిక్స్ పత్రాలు, అనువాదం, దత్తాంశాల భద్రత చూసేవారు ఒకరు. నాలుగో ఉద్యోగం తెలుగు ఎం.ఏ., పిహెచ్.డి. చేసినవారికి కూడా తగినదే. వీరిలో కనీసం ఇద్దరైనా శాశ్వత ఉద్యోగులై ఉండాలి. మూడేళ్ళ ప్రాజెక్టు నిధులతో నియమితులైనవారు నేర్చుకున్న అనుభవం ప్రాజెక్టుతోపాటే వెళ్ళిపోతుంది.

5.3. విధులు

నిధి రాకముందు: ప్రకటనలను గమనించడం, అర్హతను నిర్ధారించడం, బడ్జెట్ తయారుచేయడం. నిధిసంస్థ గడువుకు కనీసం పది పనిదినాల ముందు అంతర్గత గడువు పెట్టాలి. చివరిరోజు సంతకం కోసం పరుగెత్తే అలవాటు అప్పుడే తగ్గుతుంది.

ఒప్పందం కుదిరేటప్పుడు: నిధి ముందుగా వస్తుందా, ఖర్చుపెట్టిన తరువాత వస్తుందా చూడాలి. ఫలితాలపై హక్కు ఎవరిది, ప్రచురణకు ముందు ఎవరి అనుమతి కావాలి, మధ్యలో ఆపివేస్తే జీతాల సంగతి ఏమిటి అన్నవి చదవాలి. ఆ సొమ్ము గ్రాంటా, సేవకు చెల్లించే రుసుమా అన్నది కూడా తేల్చాలి. పన్నులు, విదేశీ విరాళాల చట్టం దాని మీద ఆధారపడతాయి. ఇవన్నీ ఒకే పుటలో తెలుగులోనో సరళమైన ఆంగ్లంలోనో రాసి ప్రధాన పరిశోధకునికి, ప్రాజెక్టు సిబ్బందికి ఇవ్వాలి.

నిధి వచ్చిన తరువాత: ప్రతి ప్రాజెక్టుకు వేరు ఖాతాశీర్షిక, నెలకొక ఖర్చుల పట్టిక, నివేదికల క్యాలెండర్, కొనుగోళ్ళు, నియామకాలు, పనిదినాల నమోదు, ఆడిట్.

ముగింపులో: తుది నివేదిక, వినియోగ ధ్రువపత్రం, పరికరాల జాబితా, దత్తాంశాల భద్రత. పరిశోధనలో పాల్గొన్న ప్రజలకు ఫలితాలను వారి భాషలో తెలియజేయడం కూడా ఇందులో చేర్చాలి. సాధారణంగా మరచిపోయే పని ఇదే.

6. హద్దుల నిర్ణయం

కార్యాలయం, శాస్త్రవేత్తల మధ్య వివాదాలు చాలావరకు హద్దులు తెలియకపోవడం వల్లనే వస్తాయి. ఈ హద్దును ఒక్క సూత్రంగా చెప్పవచ్చు: ఏమి పరిశోధించాలి, ఎలా పరిశోధించాలి, ఫలితం ఏమిటి అన్నవి శాస్త్రవేత్తవి, నియమం ఏమిటి, గడువు ఎప్పుడు, పత్రం ఎక్కడ అన్నవి కార్యాలయానివి. నిజాయితీ మాత్రం ఇద్దరిదీ. ఖర్చు పరిశోధనకు అవసరమని శాస్త్రవేత్త ధ్రువీకరించాలి. అది నిబంధనలకు లోబడి ఉందని కార్యాలయం ధ్రువీకరించాలి. ఒకరి సంతకం మరొకరి బాధ్యతను రద్దుచేయదు.

ఈ విభజనను ప్రతి ప్రాజెక్టు ప్రారంభంలో ఒక పట్టికగా రాయాలి. ఒక్కొక్క పనికి ఒక్క పేరే ఉండాలి. 'సంబంధిత విభాగం' అని రాసిన చోట పని జరగదని కార్యాలయాలలో పనిచేసినవారందరికీ తెలుసు.

7. నిధుల ఆధారం, ఎదురయ్యే ప్రమాదాలు

కార్యాలయం ఖర్చును పరోక్షవ్యయం నుండి భరించవచ్చునన్నది సాధారణమైన అభిప్రాయం. అది కొంతవరకే నిజం. 8 శాతం ఇచ్చే నిధి ఒక ఉద్యోగి జీతానికి కూడా చాలకపోవచ్చు. విదేశీ విరాళాల చట్టం పరిమితి కూడా ఉంది. కనుక మొదటి అయిదేళ్ళు విద్యాసంస్థ సొంత బడ్జెట్ నుండి మూలనిధి కేటాయించాలి. ఆ తరువాత పరోక్షవ్యయంలో ఒక నిర్ణీతభాగాన్ని కార్యాలయానికి, మరొక భాగాన్ని పరిశోధకుని విభాగానికి పంచడం సముచితం.

పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. సహాయం కోసం పుట్టిన కార్యాలయం క్రమంగా అనుమతుల కార్యాలయంగా మారిపోవడం. కొత్త నమూనాలు, కొత్త సంతకాలు చేరుతూ పోతే శాస్త్రవేత్తకు పాత గడపలతోపాటు మరో గడప ఏర్పడుతుంది. దీన్ని అరికట్టడానికి కార్యాలయం పనితీరును తెచ్చిన నిధుల మొత్తంతో కాక, వేరే కొలమానాలతో అంచనా వేయాలి: నిధి జమ అయిన ఎన్నో రోజుకు మొదటి ఖర్చు సాధ్యమైంది, ప్రాజెక్టు సిబ్బందికి జీతాలు ఎన్ని నెలలు ఆలస్యమయ్యాయి, ఎన్ని పత్రాలు తిరిగివచ్చాయి, శాస్త్రవేత్త వారానికి ఎన్ని గంటలు కాగితాలకు వెచ్చిస్తున్నారు. ఒక కొత్త నమూనా ప్రవేశపెట్టినప్పుడు ఒక పాత నమూనాను తొలగించాలన్న నియమం పెట్టుకోవడం కూడా మేలు.

చిన్న విశ్వవిద్యాలయాలు, డిగ్రీ కళాశాలలు ఒక్కొక్కటిగా ఇటువంటి కార్యాలయాన్ని పోషించలేవు. ఒకే ప్రాంతంలోని నాలుగైదు సంస్థలు కలిసి ఉమ్మడి కార్యాలయాన్ని ఏర్పాటు చేసుకోవచ్చు. లేకుంటే అంతర్జాతీయ నిధులు ఇప్పటికే బలంగా ఉన్న సంస్థలకే పరిమితమవుతాయి. ఆలోచన ఉండి ఆసరా లేని పరిశోధకులు దరఖాస్తు చేయడమే మానుకుంటారు.

8. ముగింపు

* అంతర్జాతీయ నిధులతో సాగే పరిశోధనలో చట్టం, నిధిసంస్థ నియమాలు, సంస్థాగత పద్ధతులు, ప్రజల హక్కులు కలిసి ఉంటాయి. వీటిని ఒక్క శాస్త్రవేత్త మోయలేరు.
* సహాయ కార్యాలయానికి పాలకమండలి ఇచ్చిన అధికారం, కొందరైనా శాశ్వత సిబ్బంది, సొంత మూలనిధి ఉండాలి.
* ప్రతి పనికి ఒక బాధ్యుని పేరు ప్రాజెక్టు ప్రారంభంలోనే రాయాలి.
* సమ్మతిపత్రాలు, ఫలితాల వివరణ స్థానిక భాషలలో ఉండాలి. ఈ పనిలో తెలుగు శాఖలకు నిర్దిష్టమైన పాత్ర ఉంది.
* తెచ్చిన నిధుల మొత్తం కార్యాలయానికి కొలమానం కాకూడదు. శాస్త్రవేత్తకు మిగిల్చిన సమయం, సిబ్బందికి సకాలంలో అందిన జీతం, పాల్గొన్నవారికి అర్థమైన మాట – ఈ మూడింటితోనే దాని పనితీరును అంచనా వేయాలి.

పైన ప్రస్తావించిన ప్రాజెక్టు సహాయకురాలికి నాలుగో నెలలో జీతం అందింది. అప్పటికి ఆమె మరొక ఉద్యోగం చూసుకున్నారు. క్షేత్రంలో స్త్రీలతో పరిచయం పెంచుకున్నది ఆమె ఒక్కరే. కొత్తగా వచ్చినవారు ఆ పరిచయాన్ని మళ్ళీ మొదటి ఇంటి నుండి ప్రారంభించవలసి వచ్చింది. ఏ ఆడిట్ నివేదికలోనూ కనిపించని ఇటువంటి నష్టాన్ని నివారించడానికే పరిశోధన సహాయ కార్యాలయం అవసరం.